డైనమో విప్పితే డిగ్రీ పోతుందా?

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం భౌతికశాస్త్రం గట్టెక్కిన ప్రతి విద్యార్థికీ ఏ.సి. జనరేటరు బొమ్మ వెయ్యటం వచ్చు. ఒకవైపు ఉత్తర ధ్రువం, ఇంకోవైపు దక్షిణ ధ్రువం, నడుమ దీర్ఘచతురస్రంగా తీగచుట్ట, దాని కొనలకు రెండు వలయాలు, ఆ వలయాలను తాకుతూ రెండు బ్రష్‌లు. పక్కన ఫ్లెమింగు కుడిచేతి నియమం నాలుగు పంక్తుల్లో రాసి, కింద సైన్ వక్రం ఒకటి గీస్తే మార్కులు జేబులో పడ్డట్టే. అయితే ఆ బొమ్మలోని వస్తువు నిజంగా ఎట్లా వుంటుంది, ఎంత బరువు వుంటుంది, ఎన్ని బోల్టుల మీద నిలబడి వుంటుంది అని మా తరగతిలో అడిగి చూశాను. చాలామంది నవ్వి వూరుకొన్నారు. ఒక మిత్రుడు మాత్రం "అది సిలబస్‌లో లేదు గదా!" అన్నాడు. అతన్ని తప్పు పట్టటానికి లేదు. నిజంగానే లేదు.

మనం కాలేజీకి ఎక్కి వచ్చే డీజిల్ బస్సులో, వీధి పొడుగునా నిలిపిన కార్లలో, మా వూళ్ళో ట్రాక్టర్లలో ఆ వస్తువే రోజంతా తిరుగుతున్నది. అది చెడిపోయిన నాడు సైన్సు చదువుకొన్న మనం బండి పక్కన చేతులు కట్టుకొని నిలబడి, ఏడో తరగతి దాటని ఉస్తాదు కోసం ఫోను చేస్తాం. ఉస్తాదును తక్కువ చేసి ఈ మాట అనటం లేదు, అతని సంగతికి తరువాత వస్తాను. ఇప్పుడు అడిగేది మన సంగతి. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, బండి డైనమోను ఇంటి దగ్గర విప్పి మార్చుకోవటం సైన్సు విద్యార్థికి చేతనయ్యే పని, ఒక్కసారైనా చెయ్యవలసిన పని. అందులో కష్టం కొంచెమే. మనల్ని ఆపుతున్నది చేతికి మసి అంటుతుందనే సిగ్గు.

మాట విషయం ఒకటి ముందే చెప్పుకోవాలి. నేను డైనమో అంటున్న దాని అసలు పేరు ఆల్టర్నేటరు. కాని ఏ బస్తీలో చూసినా "సెల్ఫ్ - డైనమో వర్క్స్" అనే బోర్డే కనిపిస్తుంది గాని ఆల్టర్నేటరు వర్క్స్ అని ఎవరూ రాయించుకోరు. ఇందులో చరిత్ర వున్నది. పూర్వం కార్లలో నిజంగా డైనమోలే వుండేవి. అవి కమ్యుటేటరు ద్వారా నేరుగా డి.సి. కరెంటు ఇచ్చేవి. ఇంజను నెమ్మదిగా తిరిగితే వాటికి శక్తి చాలేది కాదు. ఏ.సి. పుట్టించి దాన్ని బండిలోనే డి.సి.గా మార్చాలంటే చిన్నవి, వేడికి తట్టుకొనేవి, చౌకైనవి అయిన డయోడ్లు కావాలి. సిలికాన్ డయోడ్లు దొరకటం మొదలయ్యాక ఆ చిక్కు విడిపోయింది. 1960లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన వేలియంట్ కారుకు ఆల్టర్నేటరునే మామూలు అమరికగా పెట్టి అమ్మింది. తక్కిన లోకం నెమ్మదిగా ఆ దారి పట్టింది. వస్తువు మారింది, వీధిలో పేరు మారలేదు. వీధి మాటే నాకు ఇష్టం, అదే వాడుతాను.

ఇక దాని లోపలి సంగతి. పుస్తకంలో అయస్కాంతం కదలదు, తీగచుట్ట తిరుగుతుంది. బండిలో దీనికి తలకిందులు. అయస్కాంతమే తిరుగుతుంది, తీగచుట్టలు పెంకు లోపల కదలకుండా కూర్చొని వుంటాయి. ఎందుకట్లా? ఈ ప్రశ్న ఏ పరీక్షలోనూ నాకు ఎదురు కాలేదు. డైనమో విప్పి చేతిలో పట్టుకొన్నప్పుడు జవాబు దానంతట అదే దొరికింది. తిరిగే భాగంలోకి కరెంటు పంపాలన్నా, అందులోంచి తియ్యాలన్నా కార్బన్ ముక్కలు రాపిడి పెట్టుకొంటూ మొయ్యాలి. రోటరును అయస్కాంతంగా మార్చటానికి మూడు నాలుగు ఆంపియర్లు చాలు. ఆ కొద్దిపాటి కరెంటును చిటికెన వేలంత లేని కార్బన్లు సులువుగా మోస్తాయి. బయటికి వచ్చే యాభై, అరవై ఆంపియర్లు మాత్రం కదలని చుట్టల నుంచి, బోల్టుతో బిగించిన మందపాటి వైరు గుండా వస్తాయి, రాపిడితో వాటికి నిమిత్తం లేదు. అందుకే ఆ కార్బన్లు ఏళ్ళ తరబడి నిలుస్తాయి. ఎంత అందమైన ఆలోచన! మూడు చుట్టలు, వాటి ఏ.సి.ని సరిచేసే ఆరు డయోడ్లు, ఇంజను వేగం ఎంతయినా వోల్టేజీ పధ్నాలుగు దగ్గర ఆపేటట్లు రోటరు కరెంటును తగ్గించి పెంచే రెగ్యులేటరు ఒకటి. దీన్ని మెకానిక్కులు ఇప్పటికీ కటౌటు అంటారు. 14 వోల్టులను 60 ఆంపియర్లతో హెచ్చిస్తే 840 వాట్లు. హార్స్ పవరు అంటే 746 వాట్లని అందరం బట్టీపట్టాం గదా! చంకలో పట్టే ఈ ముద్ద ఒక గుర్రం కంటే ఎక్కువ పని చేస్తుందన్న మాట. ఇది తెలిసిన తరువాత నాకు ఆ అధ్యాయం చదవటం విసుగనిపించలేదు.

నేను ఈ పని చేసిన చోటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా వాదానికీ ఆ చోటికీ సంబంధం వున్నది. చదువు కోసం నేను వుంటున్నది ఏ.ఎస్. రావు నగర్‌లో, మా చిన్నాయన ఇంట్లో. ఆ కాలనీ పేరు రోజుకు నాలుగుసార్లు ఆటోవాడికి చెప్తాం గాని ఏ.ఎస్. రావు ఎవరని అడిగితే కాలనీ పిల్లలే తెల్లముఖం వేస్తారు. అయ్యగారి సాంబశివరావు గారు ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివి, తిరిగివచ్చి హోమీ భాభా దగ్గర చేరారు. 1956 ఆగస్టు 4న మన దేశపు మొదటి అణు రియాక్టరు అప్సర పనిచెయ్యటం మొదలుపెట్టినప్పుడు, దాన్ని అదుపులో వుంచే ఎలక్ట్రానిక్ పరికరాలు ఆయన నాయకత్వంలో ఇక్కడివాళ్ళే తయారుచేసినవి. విదేశాల నుంచి కొని తెచ్చుకొంటే ఎవరూ కాదనే రోజులు కావు. అయినా తామే చేసుకొన్నారు. 1967 ఏప్రిల్ 11న ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది, దానికి ఆయన సారథి. ట్రాంబేలో రూపు దిద్దుకొన్న టి.డి.సి.-12 కంప్యూటరును 1969లో ఆ సంస్థే తయారుచేసింది. 1972లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 2003లో కన్నుమూశారు. ఆయన సంస్థ ఉద్యోగులు ఇళ్ళు కట్టుకొన్న కాలనీయే ఆయన పేరు పెట్టుకొన్నది.

అంటే సోల్డరింగు వాసన మధ్య, "మనమే చేద్దాం" అన్న మాట మీద వెలసిన కాలనీ అది. ఇప్పుడు ఆ వీధుల్లో బట్టల దుకాణాలు, మిఠాయి దుకాణాలు, కోచింగ్ సెంటర్లు. దాన్ని నేను తప్పనటం లేదు, కాలం మారుతుంది. కాని అపార్ట్‌మెంటు సెల్లారులో "ఇచ్చట వాహనములు రిపేరు చేయరాదు" అనే బోర్డు చూసినప్పుడు మాత్రం ఆ పేరుకూ ఈ బోర్డుకూ పొత్తు ఎట్లా కుదిరిందా అనిపించింది.

చిన్నాయనది పాత పెట్రోలు కారు. పోయిన సంవత్సరం వానాకాలంలో ఒకరాత్రి హెడ్‌లైట్లు మసకబారినవి, హారను గొంతు పూడుకుపోయింది, బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. ముందు నుంచే ముందుభాగంలో గరగరమని చప్పుడు వుంటుండేది. మర్నాడు ఒక పెద్ద సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే విప్పి చూడకుండానే కొత్తది వెయ్యాలని ఒక ధర చెప్పారు. ఆ ధర విని చిన్నమ్మ "బండే అమ్మేద్దాం పట్టు" అన్నది. నేను ల్యాబులో వాడే రకం మల్టీమీటరు ఒకటి నా దగ్గర వున్నది, కొన్ని వందల రూపాయల వస్తువు. దానితో చూద్దామన్నాను.

చూడటం చాలా తేలిక. ఇంజను ఆపి వున్నప్పుడు బ్యాటరీ రెండు కొనల మధ్య మీటరు పెడితే, నిండుగా వున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తూ వుంటే 13.8 నుంచి 14.4 మధ్య వుండాలి. ఆ పై వోల్టూ, ఒకటిన్నర వోల్టూ డైనమో పెట్టే భోజనం. మాది నడుస్తూ వున్నప్పుడు 12.1 చూపింది, లైట్లు వెయ్యగానే ఇంకా దిగజారింది. అంటే బ్యాటరీ తన కూడబెట్టిన సొమ్ము తింటున్నది, సంపాదన లేదు. అంతమాత్రాన డైనమోకు శిక్ష వేసెయ్యకూడదు. బెల్టు వదులై జారుతున్నదేమో, బ్యాటరీ కొనల మీద తెల్లని పొడి పేరుకొన్నదేమో, ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ తుప్పుపట్టిందేమో, ఫ్యూజు పోయిందేమో చూడాలి. ఇవన్నీ పది నిమిషాల పనులు. చాలాసార్లు జబ్బు ఇక్కడే దొరుకుతుందట. మాకు దొరకలేదు. బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరుకుగా తగిలింది. బేరింగ్ పోయింది, రోటరు ఒరుసుకొంటున్నది.

కుషాయిగూడ వైపు చిన్న సెల్ఫ్-డైనమో షాపు వున్నది. అక్కడి ఉస్తాదు పాతది తీసుకొని, బాగుచేసి పెట్టిన ఇంకోదాన్ని ఎక్స్చేంజిలో ఇస్తాడు. బల్ల మీద మోటారుకు కట్టి తిప్పి, మీటరులో 14 వచ్చిందని చూపించి ఇచ్చాడు.

"ఎవరు ఎక్కిస్తరు తమ్మీ?" అన్నాడు.

"నేనే ఉస్తాద్."

ఒకసారి నా చేతుల వైపు చూశాడు. "మైనస్ ముందు తియ్యి. ఆఖరుకు పెట్టు. ఉంగరం వుంటే ఇంట్ల పెట్టి రా" అన్నాడు.

మూడు వాక్యాల్లో ఒక భద్రతా గ్రంథం చెప్పాడు ఆయన. మైనస్ ముందు ఎందుకంటే, బండి ఇనుప శరీరమంతా మైనస్సే. మైనస్ వైరు అట్లాగే వుంచి ప్లస్ నట్టు విప్పుతూ పానా బాడీకి తగిలిందా, బ్యాటరీలోని శక్తి అంతా ఆ పానా గుండా పోతుంది. ఎర్రగా కాలిపోతుంది, లేదా అతుక్కుపోతుంది. డైనమో వెనక వున్న లావుపాటి వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. తాళంచెవి తీసినా దానిలో కరెంటు చావదు. వేలికి బంగారు వుంగరం వుండి దానికీ బాడీకీ మధ్య ఇరుక్కొంటే వేలు పోతుంది. పన్నెండు వోల్టులేగదా, షాకు కొట్టదు గదా అనుకొనే సైన్సు విద్యార్థి ఓమ్ నియమం మరిచిపోయాడన్న మాట. నిరోధం సున్నా దగ్గరైతే పన్నెండు వోల్టులు చాలు.

ఇక పని. ఇంజను చల్లారనిచ్చి, మైనస్ తీసి పక్కకు మడిచాను. బెల్టు పోయే దారిని ఫోనులో ఫోటో తీసుకొన్నాను. బిగువు పట్టే బోల్టు వదులు చేసి డైనమోను ఇంజను వైపు నెడితే బెల్టు జారి వచ్చేసింది. వెనక ప్లగ్గు, లావు వైరు నట్టు విప్పాను. పైన ఒక బోల్టు, కింద ఒక పొడుగు బోల్టు. కిందిది తుప్పుపట్టి మొరాయించింది. దాని మీద నూనె చల్లి అరగంట ఆగవలసి వచ్చింది. పొద్దున పోయిన సమయంలో సగం ఆ ఒక్క బోల్టుదే. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చెవులు, పుల్లీ గాడులు, ప్లగ్గు పిన్నులు సరిచూసుకొని ఎక్కించాను. బెల్టు నడుమ బొటనవేలితో నొక్కితే ఇంచుమించు ఒక సెంటీమీటరు దిగాలి. అంతకంటే బిగిస్తే కొత్త బేరింగు కూడా త్వరగా పోతుంది, వదిలేస్తే బెల్టు జారి కీచుమంటుంది.

ఇంతలో ఇద్దరు వచ్చారు. ఒకరు అసోసియేషన్ పెద్దమనిషి. "ఇది రెసిడెన్షియల్ ఏరియా అండీ, గ్యారేజీ కాదు. నూనెలు కారితే ఎవరు కడుగుతారు?" అన్నారు. డైనమోలో నూనె వుండదండీ అని చిన్నాయన మర్యాదగానే చెప్పాడు. ఆయన వినలేదు. మనసులో మాట ఇక్కడ చెప్తాను: అదే సెల్లారులో ప్రతి ఆదివారం మూడు కార్లను పైపు పెట్టి గంటసేపు కడుగుతారు, వేసవిలో నీళ్ళ ట్యాంకరు వచ్చి పోసిన నీళ్ళతోనే. అది గౌరవం. గుడ్డ పరుచుకొని రెండు బోల్టులు విప్పటం అగౌరవం.

రెండవవారు పై అంతస్తులో వుండే విశ్రాంత ఉద్యోగి, డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి. వంగి చూసి, "ఏం బాబూ, డయోడ్లు కూడా చూశారా?" అని అడిగారు. పైకి పోయి ముల్లు తిరిగే పాతకాలపు మీటరు ఒకటి తోలు సంచిలో పెట్టుకొని దిగి వచ్చారు. విప్పి పెట్టిన పాత డైనమో మీద డయోడు ఒకవైపు ఎట్లా పలుకుతుందో, తిప్పి పెడితే ఎట్లా మూగబోతుందో ముల్లు కదలికలో నాకు చూపించారు. సంఖ్యలు మారే నా మీటరులో అది ఇంత బాగా కనిపించదు. చిన్నమ్మ తెచ్చిన చాయ్ తాగుతూ, సెల్లారు మెట్టు మీద కూర్చొని ఆయన రెక్టిఫయర్ల గురించి చెప్పినంత బాగా నేను ఇంకెక్కడా వినలేదు. ఆ కాలనీకి ఆ పేరు ఎందుకు వచ్చిందో నాకు ఆ పూట అర్థమయింది.

మైనస్ బిగించి బండి స్టార్టు చేస్తే మీటరు 14.1 చూపింది.

ఈ సంగతి ఫోనులో మా బాపుకు చెప్తే ఆయనకు సంతోషం కలుగలేదు. "నిన్ను సదివిచ్చేది పానాలు పట్టేతందుకారా?" అన్నాడు. మిత్రులారా, నేను ఈ వ్యాసం రాయటానికి అసలు కారణం ఈ వాక్యం. వలిగొండ దిక్కు మా వూళ్ళో మూసీ కాలువ కింద వరి మాకు. బాపు జీవితమంతా మట్టి చేతులతోనే గడిచింది. మట్టి చేతులవాడికి బ్యాంకులో, కచేరీలో, ఆస్పత్రిలో ఎట్లాంటి మర్యాద జరుగుతుందో ఆయన చూశాడు. కొడుకు చేతులు తెల్లగా వుండాలని ఆయన కోరుకోవటం తప్పు ఎట్లా అవుతుంది? ఆయన మాట వెనుక గర్వం లేదు, దెబ్బలు తిన్న అనుభవం వున్నది. తప్పు వున్నది చేతులకు ఒక మర్యాద, చదువుకు ఒక మర్యాద అని పంచిపెట్టిన మనందరిలో. చదువు అంటే చేతి పని నుంచి పారిపోయే దారి అని మన ఇళ్ళూ చెప్తున్నవి, మన కళాశాలలూ ఒప్పుకొంటున్నవి.

చిత్రమేమంటే బాపు ట్రాక్టరును రెండు కోతల కాలాలు వాలు మీద నిలుపుతూ వచ్చాడు. పల్లెల్లో ఇది అందరికీ తెలిసిన ఉపాయమే. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకొంటుంది. కాబట్టి పాతకాలపు ట్రాక్టరుకు డైనమో చచ్చినా పగలంతా దున్నుతుంది. పెట్రోలు కారయితే దారిలోనే ఆగిపోతుంది. ట్రాక్టరు జబ్బు బయటపడేది రాత్రి లైట్లు వెయ్యవలసి వచ్చినప్పుడు, పొద్దున సెల్ఫ్ తిరగనప్పుడు. అందుకని కాలువ కట్ట మీద నిలిపి, వదిలి, గేరు వేసి స్టార్టు చెయ్యటం. వాన మబ్బు పట్టి, కల్లంలో వడ్లు ఆరబోసి వున్న రాత్రి ఈ ఉపాయం పనిచెయ్యదు. లైట్లు లేని ట్రాక్టరుతో చీకట్లో రోడ్డెక్కటం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు, వెనక వచ్చే లారీవాడికి ట్రాలీ కనిపించదు.

దసరా సెలవుల్లో ఇంటికి పోయి దాని డైనమో విప్పాను. కార్బన్లు అరిగి మొద్దయి, వలయాలను తాకటం లేదు. తక్కినదంతా బాగున్నది. భువనగిరి నుంచి కార్బన్లు తెచ్చి వేస్తే రెండు సినిమా టిక్కెట్లంత ఖర్చు. బాపు టార్చిలైటు పట్టుకొని నిలబడ్డాడు గాని ఒక్క మాట అనలేదు. మర్నాడు పక్క చేను ఆయనతో, "మావోడు సైన్సు సదువుతుండు, కరెంటు సంగతి వానికి తెలుసు" అంటూ వుంటే విన్నాను.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. విడిభాగాలు ఎవరి చేతిలో వుండాలి, విప్పే హక్కు ఎవరిది అన్న పోరాటం లోకమంతటా నడుస్తున్నది. 2014 ఆగస్టు 25న మన దేశపు కాంపిటీషన్ కమిషన్ పధ్నాలుగు కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను, జబ్బు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్కులకు దొరకనివ్వకుండా తమ అధీకృత షాపుల్లోనే బంధించి వుంచారన్నది నేరం. ఆ తరువాత అప్పీళ్ళు నడిచినవి గాని, ఆ తీర్పు ఒక మాట బయటపెట్టింది: బండి మనం కొన్నా, దాన్ని విప్పే స్వేచ్ఛ మాత్రం కంపెనీవాడు తన దగ్గరే వుంచుకొంటున్నాడు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ బాగుచేసుకొనే హక్కు మీద ఒక సంఘాన్ని వేసింది. ఆ హక్కు వర్తించవలసిన రంగాలలో వాహనాలతో పాటు వ్యవసాయ పరికరాలు కూడా వున్నవి. అదే సంవత్సరం డిసెంబరు 24న ఒక పోర్టలు కూడా పెట్టారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతు తన యంత్రాన్ని తానే బాగుచేసుకోవటానికి కావలసిన భాగాలు, పుస్తకాలు, సాధనాలు కంపెనీలు ఇచ్చి తీరాలని చట్టం చేసింది. వేల ఎకరాలు దున్నే అమెరికా రైతుకూ, కాలువ కట్ట మీద ట్రాక్టరు నిలిపే మా బాపుకూ ఇక్కడ ఒకటే కష్టం. కాని చట్టం వచ్చినంత మాత్రాన ఏమవుతుంది? పానా పట్టటానికి సిగ్గుపడేవాడికి ఆ హక్కు కాగితం మీద అక్షరమే.

అందరూ ఇంటి దగ్గరే చేసుకొంటే మెకానిక్కుల పొట్ట కొట్టినట్టు కాదా అని ఒక అధ్యాపకులు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. నేను కుషాయిగూడ ఉస్తాదు దగ్గరికే పోయాను, ఆయన చుట్టిన చుట్టనే కొన్నాను. సరుకు ఆయనది, బిగించింది నేను. అంతకుముందు నాకు ఆయన అందరిలాంటి మెకానిక్కు. ఇప్పుడు ఆయన చేతిలో ఏం వున్నదో నాకు తెలుసు. విప్పినవాడికే విప్పేవాడి విలువ తెలుస్తుంది. బేరం ఆడే నోరు కూడా కొంచెం తగ్గుతుంది. మెకానిక్కు పొట్ట కొట్టేది నేను కాదు, విప్పటానికి వీలు లేకుండా మూసి, మొత్తం మార్చవలసిందే అనే సరుకు.

అన్ని బండ్లనూ ఇంటి దగ్గర విప్పమని కూడా నేను అనటం లేదు. కరెంటు కార్లు, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తీగలు వందల వోల్టులు మోస్తాయి. వాటి జోలికి శిక్షణ లేనివారు పోరాదు. కొత్త కార్లలో కొన్నింటికి డైనమోను కంప్యూటరే నడుపుతుంది, కొన్నింటిలో దాన్ని చేరాలంటే సగం ఇంజను విప్పాలి. అట్లాంటివి షాపుకే పోవాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు. ఇంకొకటి, పాత డ్రైవర్ల అలవాటు ఒకటి మా వూళ్ళో ఇప్పటికీ వున్నది: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూడటం, బండి ఆగకపోతే డైనమో మంచిదని. పాత డైనమోల కాలంలో చెల్లిందేమో గాని ఇప్పుడు చెల్లదు. బ్యాటరీ ఒక్కసారి మాయమైతే ఆల్టర్నేటరు వోల్టేజీ ఆ క్షణంలో వంద దాకా ఎగరగలదు. డయోడ్లు, కంప్యూటరు అన్నీ ఒక్క రెప్పపాటులో కాలుతాయి. లెంజు నియమం, ప్రేరకత్వం అని మనం చదివే మాటలు ఇక్కడ ఎంత ఖరీదైనవో చూడండి. ఈ ఒక్క సంగతి మన విద్యార్థులు తమ వూళ్ళలో చెప్పినా ఎన్నో రైతుల ఇళ్ళలో డబ్బు మిగులుతుంది.

మా తరగతిలో సగం మంది అమ్మాయిలు. పానా బలంతో తిరగదు, పొడుగుతో తిరుగుతుంది. టార్క్ సూత్రం వారికీ మాకూ ఒకటే. వారిలో ఒకామె నా పాత డైనమో చూపించమని అడిగి, అరగంటలో కార్బన్ గూడు విప్పి మళ్ళీ బిగించింది. చున్నీ మాత్రం ముందే తీసి బెంచి మీద పెట్టింది, తిరిగే బెల్టు దగ్గర వదులు బట్టలు వుండరాదని ఎవరూ చెప్పకుండానే.

కాబట్టి విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒకటి. ఏటా వార్షికోత్సవానికి షామియానా, పూలదండలు, మైకు సెట్టుకు అయ్యే ఖర్చు మనకు తెలుసు. అందులో ఒక పూలదండల పద్దు మిగిలించి, పుత్లీబౌలిలోనో రాణీగంజ్‌లోనో పాత ఆల్టర్నేటర్లు నాలుగు, ఒక పానాల సెట్టు, రెండు మల్టీమీటర్లు కొని భౌతికశాస్త్ర విభాగానికి ఇవ్వండి. ఒక దాన్ని మధ్యకు కోసి లోపల కనిపించేట్టు పెడదాం. ఒక దాన్ని చేత్తో తిప్పే చక్రానికి కట్టి బల్బు వెలిగిద్దాం. బల్బు వేసినప్పుడు చక్రం ఎంత బరువెక్కుతుందో చేతికే తెలుస్తుంది, శక్తి నిత్యత్వ సూత్రం మీద ఇంతకంటే మంచి పాఠం వుండదు. ఆ నాలుగింటిలో మొదటిది కొననక్కరలేదు. చిన్నాయన కారులో నుంచి తీసింది ఉస్తాదు దగ్గర తిరిగి అడిగి తెచ్చుకొన్నాను, బేరింగ్ పోయినా చుట్టలు, డయోడ్లు బాగున్నవి. ప్రస్తుతం నా మంచం కింద వున్నది. విభాగం తాళంచెవి ఎవరి దగ్గర వుంటుందో చెప్తే తెచ్చి ఇస్తాను.